ఇకామా మీది పేరు

గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటేడు ఖఫ్జీ నుంచి దమ్మాం పోయే బస్సులో నా పక్కన ఒక కెనడా వెల్డర్ కూర్చున్నాడు. తెల్లవాడు కాదు, మా మేనమామలా చామనఛాయ. అక్కడి అడవుల్లో ఉండే క్రీ జాతివాడినని చెప్పాడు.

చెక్‌పోస్టు దగ్గర సిపాయి బస్సెక్కి ఆ దేశంలో ఉండనిచ్చే మా ఇకామా కార్డులన్నీ తీసుకుని, చూసి, పేర్లు పిలుస్తూ తిరిగి ఇస్తున్నాడు. "రాజయ్య!" అని రెండుసార్లు అరిచినా నేను కదల్లేదు. వెనక సీట్లోంచి నాతో పనిచేసే మల్లన్న నా వీపులో పొడిచాడు.

"అరే, నిన్నే పిలుస్తుండు, లే!"

అప్పుడు గుర్తొచ్చింది. ఏజెంటు ఇంకొకరి పాస్‌పోర్టుకు నా ఫొటో అంటించి పంపాడు. ఇక్కడ రాజయ్యను నేనే.

కార్డు చేతులు మారుతూ ముందు కెనడా ఆయనకు అందింది. అంతా గమనించాడేమో, నాకర్థమయ్యే చిన్నచిన్న ఇంగ్లీషు మాటల్లో అన్నాడు.

"సర్కారు మనిషి పేర్లు రాసుకోవడానికి వచ్చిననాడు మా తాతలు అడవి లోపల వేటలో ఉన్నారు. రాయలేదు కాబట్టి మేం లేనట్టే. తర్వాత మా నేలలో చమురు పడింది. మీరెవరని మమ్మల్నే అడిగారు. ఇంకా అడుగుతూనే ఉన్నారు."

పేరు మీద బొటనవేలు అడ్డం పెట్టి కార్డు నాకిచ్చాడు.

"మీ అమ్మ నిన్నేమని పిలుస్తుంది?"

సిపాయి ఇంకా మెట్టు మీదే ఉన్నాడు. వాడికి ఇంగ్లీషు రాదని నాకు తెలుసు.

అయినా "రాజయ్య," అన్నాను.

ఆయన తలూపాడు. వాళ్లమ్మ తనను పిలిచే పేరు చెప్పి, నా నోట రెండుసార్లు పలికించాడు. నా పేరు మళ్లీ అడగలేదు.