చెవి మేస్త్రికి పరీక్ష

మా బాబాయి చెవి ఆనించని గోడ మా పేటలో లేదు. స్క్రూడ్రైవరు మొన గోడకి ఆనించి, పిడి చెవికి నొక్కిపెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. ఇంటివాళ్లంతా ఊపిరి బిగబట్టి నిలబడతారు. కాసేపటికి కళ్లు తెరిచి, "ఇదిగో, ఇక్కడ" అంటూ పెన్సిలుతో గోడ మీద సున్నా చుడతాడు. అక్కడ పగలగొడితే కారుతున్న పైపు కనబడి తీరవలసిందే. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అనే పిలుస్తారు. దరఖాస్తు నింపడానికి కూర్చున్నప్పుడు ఆయన అసలు పేరు గుర్తు తెచ్చుకోవడానికి నాకే కాస్త సమయం పట్టింది.

ఇంత మొనగాడి ఇంట్లో వంటింటి కుళాయి ఏడేళ్లుగా కారుతోంది. పిన్ని దాని కింద ఒక గిన్నె పెట్టింది. నిండినప్పుడల్లా కుండీల్లో పోస్తుంది, పోసేటప్పుడల్లా బాబాయిని నాలుగు మాటలు అంటుంది. మొక్కలు మాత్రం ఏపుగా పెరిగాయి.

ఇంతకీ ఆ దరఖాస్తు దేనికంటే, ప్లంబర్లందరూ పేరు నమోదు చేయించుకోవాలని, పరీక్ష పాసై లైసెన్సు కార్డు తీసుకోవాలని కొత్త రూలు వచ్చింది. కార్డు లేనివాళ్లు ఒకటో తారీఖు నుంచి పైపు ముట్టుకోకూడదు. పరీక్ష తప్పితే మళ్లీ ఏడాది తరవాతే. అంతదాకా లైసెన్సున్న మరొకరి వెనకాల సంచీ మోసుకుంటూ తిరగాలి. బాబాయికి యాభై ఎనిమిదేళ్లు.

నాకు ఒళ్లు మండిపోయింది. నాది జిరాక్సు కొట్టు. రోజంతా ఊళ్లోవాళ్ల సర్టిఫికెట్లకు నకళ్లు తీస్తూ ఉంటాను. ఏ కాగితం వెనక ఎంత సరుకుందో నాకు బాగా తెలుసు. "ఈయనకి పరీక్ష పెట్టే మొనగాడెవడు?" అని ఒంటికాలి మీద లేచాను.

పిన్ని కూరగాయలు తరగడం ఆపకుండానే అంది: "పెట్టనీరా. వెనక వీధి సంగతి మర్చిపోయావా?"

మర్చిపోలేదు. పోయినేడు ఎవడో వచ్చి, తాగే నీళ్ల లైను పక్కనే మురుగు గొట్టం దింపి, రెండింటికీ చిల్లు పెట్టి పోయాడు. వీధి వీధంతా వాంతులతో మంచాన పడింది. రెండు రోజులు తవ్వి సరిచేసింది మా బాబాయే. ఆ పని చేసినవాడి పేరు ఎవరూ అడగలేదు, ఇల్లెక్కడో తెలీదు. ఇప్పటికీ ఎక్కడో ఒకచోట దర్జాగా పైపులు కోస్తూనే ఉంటాడు.

"వాడికి పెట్టమను పరీక్ష. నాకెందుకూ?" అన్నాడు బాబాయి, మొహం ముడుచుకుని.

"మీరూ వాడూ ఒకటి కాదని కొత్తగా వచ్చినవాళ్లకి ఎలా తెలుస్తుంది? మీ మొహం మీద రాసుందా?" అంది పిన్ని. "కార్డు వచ్చేదాకా నా కుళాయి మీద చెయ్యి వెయ్యకండి."

"ఏడేళ్లుగా వేశానా?"

"అదీ నిజమే" అంది పిన్ని. ముగ్గురం నవ్వేశాం.

పరీక్ష రోజున స్కూటరు మీద నేనే తీసుకెళ్లాను. నోటితో జవాబులు చెప్పే భాగం బాగానే గట్టెక్కింది. ఇక చేతిపని. పెద్ద హాల్లో గోడ పొడుగునా పది చెక్కలు బిగించారు. ఒక్కో దాని మీద పైపులు, ఒక కుళాయి, కారుతున్న అతుకు ఒకటి, నీళ్లు కట్టెయ్యడానికి చిన్న వాల్వు. అతుకు విప్పి మళ్లీ బిగించాలి. నలభై నిమిషాలు గడువు. పరీక్ష పెట్టేది ఒక ఇంజనీరమ్మ. వయసులో మా బాబాయి కూతురంత ఉంటుంది. నేను కిటికీ బయట నిలబడ్డాను.

గంట కొట్టగానే తొమ్మిదిమంది చిన్న వాల్వు తిప్పి పనిలో దిగారు. బాబాయి కూడా తిప్పాడు. తిప్పి, స్క్రూడ్రైవరు పైపుకి ఆనించి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. తరవాత ఎవరితోనూ చెప్పకుండా, తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

అలిగి వెళ్లిపోతున్నాడనుకున్నాను. "బాబాయ్, ఎక్కడికి?" అంటూ వెనకాల పరుగెత్తాను.

"కట్టడానికంతా నీళ్లొచ్చే మెయిన్ వాల్వు ఎక్కడుందో చూడరా."

"పరీక్ష లోపల బాబాయ్!"

"లోపలి వాల్వు నీళ్లు ఆపట్లేదురా. మెయిన్ కట్టకుండా పైపు మీద చెయ్యి వెయ్యను."

కట్టడం చుట్టూ తిరిగాం. వాచ్‌మన్‌కి తెలీదు. ఇరవై నిమిషాలు వెతికాక, గేటు పక్క పూలకుండీ కింద దొరికింది. తుప్పు పట్టిన చక్రం. ఇద్దరం పట్టి తిప్పాం.

మేం తిరిగొచ్చేసరికి హాలు గోలగోలగా ఉంది. అతుకులు బిగించినవాళ్లు కుళాయిలు తిప్పితే చుక్క రావడం లేదు. మేడ మీద ఆఫీసులో ఒక గుమాస్తా మొహాన సబ్బుతో మెట్లు దిగి, కళ్లు మూసుకునే అందరినీ తిడుతున్నాడు.

"మెయిన్ ఎవరు కట్టారు?" అంది ఇంజనీరమ్మ.

బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు బాబాయి. "నేనేనమ్మా. ఆ చిన్న వాల్వు పూర్తిగా మూసుకోవట్లేదు. మీరే వినండి" అని స్క్రూడ్రైవరు ఆవిడ చేతికిచ్చాడు.

ఇక లైసెన్సు సంగతి అంతే అనుకున్నాను నేను. ఆవిడ ఒక్క క్షణం ఆయన్ని ఎగాదిగా చూసి, మెయిన్ మళ్లీ తెరిపించింది. చిన్న వాల్వు తనే మూసి, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. పదింటినీ అలాగే విని, మూడు వాల్వుల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టింది.

"మీరన్నది నిజమే" అంది. "కానీ మీ నలభైలో ముప్పై నిమిషాలు అయిపోయాయి. అదనంగా ఇవ్వలేను."

"అడగనమ్మా" అన్నాడు బాబాయి. ఆవిడ మెయిన్ మళ్లీ కట్టించగానే, ఎనిమిది నిమిషాల్లో ముగించాడు.

వచ్చేముందు బాబాయి ఉండబట్టలేక అడిగేశాడు: "ముప్పై నాలుగేళ్ల నుంచి చేస్తున్నవాడిక్కూడా పరీక్షేంటమ్మా?"

"ఈ పరీక్ష వినకుండా పైపు కోసేవాళ్ల కోసమండీ" అందావిడ. "కానీ ఇద్దరినీ చూస్తేనేగా, ఎవరెవరో నాకు తెలిసేది."

బాబాయి తలాడించి స్క్రూడ్రైవరు సంచీలో పెట్టుకున్నాడు. నేను కూడా, ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా, ఒప్పుకున్నాను.

ఒకటో తారీఖుకి రెండు రోజుల ముందు కార్డు వచ్చింది. ఎర్ర తాడుతో మెళ్లో వేసుకుని పనికి బయల్దేరాడు. నెలరోజులు తిరిగాడు. చూపించమని ఒక్కరూ అడగలేదు. "నీకు కార్డెందుకు మేస్త్రీ!" అని నవ్వేవారు. ఆయన నొచ్చుకున్నాడు. "అంత కష్టపడి తెచ్చుకుంటే చూసే దిక్కు లేదురా" అని నా కొట్టుకొచ్చి వాపోయి, కార్డు మెళ్లోంచి తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ ఆదివారం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. బాబాయికి ఏం బుద్ధి పుట్టిందో, పనిముట్ల సంచీ తీసుకుని వంటింటి వైపు నడిచాడు. పిన్ని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కార్డేదీ?"

"ఊరుకోవే."

"చూపించందే లోపలికి రానివ్వను."

చొక్కా వంకెకి వేలాడుతోంది. వెళ్లి, జేబులోంచి కార్డు తీసి, బనీనుకి తుడిచి తెచ్చాడు. పిన్ని కళ్లద్దాలు పెట్టుకుంది. పేరు చదివింది, నంబరు చదివింది, ఫొటో చూసింది, మొహం చూసింది, మళ్లీ ఫొటో చూసింది. బాబాయి కదలకుండా నిటారుగా నిలబడ్డాడు. ముప్పై నాలుగేళ్లలో ఆయన అంత గర్వంగా నిలబడడం నేను చూడలేదు.

"సరే, రండి" అంది పిన్ని.

సంచీ కింద పెట్టి, మెయిన్ కట్టడానికి వీధి వైపు తిరిగాడు.

"ఎక్కడికీ? మెయిన్ పొద్దున్నే నేనే కట్టేశాను."

బాబాయి స్క్రూడ్రైవరు పైపుకి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. కళ్లు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి.

"బాగా కట్టావు" అన్నాడు.

పిన్ని వంగి, కుళాయి కింద గిన్నె తీసి పక్కన పెట్టింది.