పుచ్చిన కొమ్ములు

మైదుకూరు దగ్గర మా అత్తగారింట్లో కొమ్ము దువ్వెనలు చేసేవాళ్లు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే కరువు పడింది. మేత లేక ఊరూరా గొడ్లు చస్తుంటే మా ఇంటికి కొమ్ములు బండ్లకొద్దీ వచ్చాయి. మా ఆయన సంబరానికి పట్టపగ్గాల్లేవు. రాబోయే ఏడాదికంతా సరుకు దొరికిందని గది నింపేశాడు.

కొమ్మును ఊరికే దాచిపెడితే దక్కదు. ముందు తొట్టిలో నానబెట్టాలి. అప్పుడు లోపలి ఎముక వదులై ఊడి వస్తుంది. అంటుకున్న కండా కొవ్వూ గీకి, కడిగి, ఎండబెట్టి, వేపాకు మధ్య పేర్చాలి. ఆ నానబెట్టిన కంపుకు నాకు అన్నం సయించేది కాదు. అత్త నవ్వేది. ఆ ఏడు ఆ కంపు కూడా కరువైంది. బావి అడుగున బురద తప్ప నీళ్లెక్కడివి? వేపచెట్ల ఆకంతా ఎప్పుడో మేకలకు దూసి వేశారు.

"ఎముక తియ్యకుండా లోపల పెట్టొద్దురా, పురుగు పడ్తాది," అని అత్త మొత్తుకుంది.

"ఈ ఎండకు పురుగు యాడ బతుకుతాదిమా? మనమే సస్తాండాం," అన్నాడు మా ఆయన.

వానలు పడ్డాక తొట్టి నింపి, గది తలుపు తీశాం. నేలంతా గోధుమ రంగు పొడి. పట్టుకున్న ప్రతి కొమ్ముకూ మొదలు దగ్గర జల్లెడలాగా బొక్కలు. ఆయన మంచిదనుకున్నదాన్ని ఏరి కోశాడు. పండ్లు తీస్తుంటే దువ్వెన పుటుక్కున విరిగింది. ఇంకొకటి కోశాడు, అదీ అంతే. సాయంత్రానికి ఆయన చుట్టూ ముక్కలే. అత్త చీపురు తెచ్చి వాటిని ఊడ్చింది. మా ఏడాది తిండి పురుగుల పాలైంది.

గంప ఎత్తుకొని, కొమ్ముల కోసం ఆయన వెంట పల్లెలు తిరిగాను. చావాల్సినవన్నీ కరువులోనే చచ్చాయి. మిగిలిన నాలుగు గొడ్లూ పచ్చగడ్డి మేస్తున్నాయి. ఊళ్లన్నీ తేరుకుంటుంటే మేం మాత్రం చావు కబురు కోసం ఇల్లిల్లూ తొంగిచూశాం. నా మీద నాకే రోత పుట్టింది.

చివరికి ఒక రైతు వాకిట్లో ఆగాం. కరువులో తన గొడ్ల కొమ్ములన్నీ మాకే ఇచ్చినవాడు. కొట్టంలో బక్కచిక్కిన ఎనుము ఒక్కటే మిగిలింది.

"కొమ్ములేమన్నా ఉండాయా అన్నా?" అని అడిగాడు మా ఆయన.

"లేవప్పా. ఇది బతికే ఉండాది. పోండి," అన్నాడు రైతు.

ఆ గొంతులో కోపం లేదు. ఇంతలో అతని భార్య లోపలినుంచి పరుగున వచ్చి, మా చూపు పడకుండా ఎనుము మొహం మీద తన కొంగు కప్పింది.