అమ్మాయిగారి సవతి తల్లి

చెక్క తొట్టెలు చేసే ఇసాకు రెండో పెళ్ళాం మసుయో అంత మంచి మనిషి మా యనాయి ఊళ్ళో లేదు. అంత తెలివితక్కువదీ లేదు. ఇది నేను వెనకాల అనే మాట కాదు, ఎదురుగానే అన్నాను, చాలాసార్లు.

చిన్నప్పటినుంచీ రేవు దగ్గర సత్రంలో పనిచేసింది. వచ్చేపోయేవాళ్ళకి వంగి వంగి దండాలు పెట్టి నడుమూ, అయ్యగారూ అమ్మగారూ అని నోరూ అలాగే బిగుసుకుపోయాయి. ఇసాకు మొదటి పెళ్ళాం పోయాక ఆ ఇంటికి వచ్చింది. ఆ పోయినావిడ కూతురు చిజురు అప్పటికి రెండు జడల బడిపిల్ల. ఆ పిల్ల మొదటిరోజే "మసుయోగారూ" అంది, ఇక అదే పిలుపు. అమ్మ అంటే పూజగూట్లో ఫోటో. మసుయో ఒక్కనాడూ నొచ్చుకోలేదు. పొద్దున్నే పొయ్యిమీంచి దించిన అన్నం ముందు ఆ ఫోటోకే పెట్టేది.

మా జపానులో పద్ధతి ఒకటుంది కదా. ఇంట్లో నెత్తిన పెట్టుకున్నా, నలుగురిలో మాత్రం మనవాళ్ళని తగ్గించే చెప్పాలి. మా ఆయన పనికిమాలినవాడు, మావాడు మొద్దు. పొగడ్తలూ, "గారు" అనడాలూ అన్నీ పరాయివాళ్ళకే. మా ఆయన్ని నేను తిట్టని రోజు లేదు, నమ్మినవాళ్ళూ లేరు.

వచ్చిన కొత్తలో మసుయో కూడా అందరిలాగే ఊరి స్నానాల ఇంట్లో వీపు రుద్దుకుంటూ, "మా పిల్ల ఉత్త బద్ధకిష్టిది" అంది. కన్నతల్లి అనుంటే నవ్వి ఊరుకునేవాళ్ళం. "సవతి తల్లి బుద్ధి ఎక్కడికి పోతుంది!" అంది ఒకావిడ. చిజురు వేడినీళ్ళ తొట్టిలోనే ఉంది, రెండు మాటలూ వింది. మసుయో వెనక్కి తిరిగి ఆ పిల్ల మొహం చూసింది.

అంతే. ఆ తర్వాత నలుగురిలో ఆ పిల్లని పల్లెత్తు మాట అనలేదు. "చిజురుగారు బడికి వెళ్ళారండీ", "చిజురుగారికి జ్వరం తగ్గిందండీ". వీధి వీధంతా నవ్వేది, దొరసాని కూతురి గురించి పనిమనిషి చెప్పినట్టుందని. ఆ పిల్ల చెవులు ఎర్రబడేవి. మసుయో తనని ఇంకా పరాయిదానిగానే చూస్తోందనుకునేదో ఏమో, తను కూడా ఆ "గారు" వదల్లేదు.

చిజురుకి పెళ్ళీడు వచ్చింది. నాకు మా చెప్పుల కొట్టుకంటే సంబంధాలు కుదర్చడం మీదే ధ్యాస. టీ కొట్టు నిషిగోరివాళ్ళ అబ్బాయి చిజురుని పండగలో చూసి ఇష్టపడ్డాడు, చిజురుకీ ఇష్టమే. ఇక పెద్దవాళ్ళు కూర్చోవడమే మిగిలింది. ఇసాకు మాటల మనిషి కాడు, మసుయోని పంపాడు. నేను ముందే పట్టుకున్నాను.

"చూడవే, మా పిల్ల మొద్దు, ఏమీ రాదు, మీరే నేర్పుకోండి. ఈ మూడు ముక్కలు చాలు. అను."

"మా పిల్ల... మొద్దు" అంది. "నిజమే అనుకుంటే ఎలా అక్కయ్యగారూ?"

"నీ మొహం మండ! ఎవరూ అనుకోరు. అనకపోతేనే అనుకుంటారు."

ఆ రోజు మా మేడగదిలో, పెళ్ళిమాటల ఆనవాయితీ ప్రకారం ఉప్పులో ఊరిన చెర్రీ పువ్వులు వేసి వేడినీళ్ళు అందరికీ ఇచ్చాను. అబ్బాయి తల్లి తన వంతు చక్కగా ముగించింది. "మావాడు తిండికి ముందు, పనికి వెనక. సిగ్గుచేటండీ." అందరం నవ్వాం. ఇక మసుయో వంతు.

నోరు తెరిచింది. చిజురు వైపు చూసింది. "చిజురుగారు... చాలా మంచివారండీ. వంట ఎంతో బాగా చేస్తారు. కోపమే రాదు."

నాకు తల కొట్టేసినట్టయింది. అబ్బాయి తల్లి గిన్నె కింద పెట్టి, చిరునవ్వు చెదరకుండా, "అంత గొప్ప అమ్మాయిగారు మా చిన్నకొట్టుకి ఎందుకు లెండి" అంది. తర్వాత మెల్లగా, "పాపం, పిల్లకి తల్లి లేదటగా?"

మసుయో నుదురు చాపకి ఆనేలా వంగిపోయింది. "అవునండీ" అంది. "లేదండీ."

అంత సిగ్గు నేను పుట్టి ఎరగను.

అప్పుడు చిజురు ముందుకు జరిగి, చేతులు చాపకి ఆనించి వంగింది. "క్షమించండి. మా అమ్మ ఉత్త మొద్దుమనిషి. సత్రంలో పెరిగింది, నలుగురిలో మాట్లాడటం రాదు. ఎంత చెప్పినా బుర్రకెక్కదు. ఇంట్లో మేం రోజూ పడుతూనే ఉన్నాం."

నా పక్కనున్న అబ్బాయి తల ఎత్తి చిజురుని చూశాడు. వాళ్ళమ్మ ఏమనుకుందో తెలియదు, మర్యాదగా లేచింది, కొడుకుని వెంటబెట్టుకుని మెట్లు దిగింది. మళ్ళీ కబురు రాలేదు.

వాళ్ళు వెళ్ళాక కూడా మసుయో నుదురు చాపమీదే ఉంది.

"ఇక లేవే" అన్నాను. నాకూ ఏడుపొస్తోంది. "పిల్ల 'మా అమ్మ మొద్దు' అంది, వినలేదా?"

"తల్లి లేదా అంటే అవునన్నాను అక్కయ్యగారూ" అంది, మొహం ఎత్తకుండా. "నా నోటితో నేనే అన్నాను. పిల్ల వినే ఉంటుంది."

చిజురు గిన్నెలు ఎత్తి పళ్ళెంలో పెడుతోంది. ఇటు తిరగలేదు.

"విన్నాను" అంది. "లే అమ్మా, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి."

ఆ పిలుపుకి మసుయో నుదురు చాపకి ఇంకా గట్టిగా ఆనించింది.