కంపెనీ పెట్టిన గేరే

హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి మా షెడ్డులోని కారు చుట్టూ ఒక్కసారి తిరిగాడు. బానెట్ లేపించి తొంగిచూశాడు. డ్రైవర్ తలుపు తీసి, స్టీరింగ్ పక్కనున్న గేరు కర్రను రెండు వేళ్ళతో పట్టుకుని ఆడించాడు. అంతే, తేల్చేశాడు. ఈ గేరుబాక్సు ఇక్కడ మార్చిందేనట. ముప్పై ఏళ్ళు ఆ బండి కింద వెల్లకిలా పడుకున్నవాడు నా పెనిమిటి. ఈయన చేతికి చిటికెడు గ్రీజు కూడా అంటలేదు.

నాకు చదువు లేదు. అంకెలు వచ్చు, తెలుగు కూడబలుక్కుంటాను, అందుకే ఇది చెప్పి రాయిస్తున్నాను. కానీ ఆ బండి సంగతి నాకు తెలిసినంత ఈ పెద్దమనిషి పాతకార్ల క్లబ్బులో ఎవరికీ తెలియదు. తెల్ల ప్యాంటు వేసుకుని కారుకు ఆనుకుని ఫొటో దిగడం మాత్రం వాళ్ళకు బాగా తెలుసు.

అది అమెరికా బండి. వెనక గదిలా పొడుగ్గా ఉండే, ఇంటిల్లిపాదీ పట్టే కారు. డోర్నకల్ పక్క ఊళ్ళలో వైద్యం చేసిన ఒక తెల్ల డాక్టరు పెళ్ళాన్నీ నలుగురు పిల్లల్నీ తిప్పడానికి ఓడలో తెప్పించుకున్నాడు. పెద్ద ఇంజనుతో అలాంటి కారు కొనేవాళ్ళు, దానంతట అదే మారే గేరు అడుగుతారట. చేత్తో వేసే గేరు చిన్న ఇంజనుకు, చవక బండికి. ఈ డాక్టరు రెండూ కలిపి అడిగాడు. మందుల పెట్టెలతో బురదలో లాగాలి కాబట్టి అన్నిటికంటే పెద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజను, దానికి మూడు గేర్ల హ్యాండ్ గేరు. దానంతట అది మారే గేరు ఇక్కడ చెడిపోతే ఎవడు విప్పుతాడని ఆయన లెక్క. కంపెనీ వాళ్ళు నవ్వుకున్నారో ఏమో, అడిగినట్టే చేసి పంపారు. ఇదంతా డాక్టరు మా ఆయనకు చెప్పిన మాట, మా ఆయన నాకు చెప్పిన మాట. డాక్టరు తన దేశం పోతూ బండిని, దాన్ని మొదట్నుంచీ బాగుచేస్తూ వచ్చిన మా ఆయనకే ఇచ్చిపోయాడు.

ఆ రోజుల్లో ఇక్కడి షెడ్లలో పెట్రోలు తాగే పెద్ద కారంటే ఎవరికీ జాలి లేదు. ఇంజను పీకి డీజిలు ఇంజను కూర్చోబెట్టేవాళ్ళు. గేరు ఒక బండిది, ఇరుసు ఇంకో బండిది. మా ఆయన కూడా అడిగినవాళ్ళకు అలాంటి పనులు ఎన్నో చేశాడు. ఈ బండికి మాత్రం బయటి నట్టు ఎక్కనివ్వలేదు. మా షెడ్డున్న కాశిబుగ్గలో మెకానిక్కులంతా ఆయనకు పిచ్చి పట్టిందన్నారు. ఇప్పుడు చూడండి, కాశిబుగ్గ మెకానిక్ కాబట్టి మార్చే ఉంటాడని ఈ తెల్ల ప్యాంటాయన తీర్పు.

షెడ్డు ఖాళీ చేయాల్సి వచ్చింది కాబట్టి బండి అమ్మడానికి ఒప్పుకున్నాను. ఆయన్ను తీసుకొచ్చింది మా మరిది. ఆ పెద్దమనిషి ముందే అమ్మకం కాగితం టైపు చేయించుకుని వచ్చి, కారు చూశాక అడుగున పెన్నుతో ఇంగ్లీషులో ఒక ముక్క కలిపాడు. ఏమిటది అని మరిదిని అడిగాను. కంపెనీ గేరు తీసేసి, చనిపోయిన మెకానిక్ లోకల్ గేరు పెట్టాడని ఉందట. దాని కింద నేను సంతకం పెట్టాలి.

"పెట్టు వదినె. బండే పోతాంది, అండ్ల ఏం రాసుంటే మనకేంది?" అన్నాడు మరిది.

"మీ అన్న లేనిది పెట్టిండని రాసుంది. కింద నేను సంతకం పెడితే నేనే చెప్పినట్టు గాదా?"

పెద్దమనిషి నవ్వాడు. "చూడమ్మా, గింత పెద్ద ఇంజనుకు హ్యాండ్ గేరు ఏ కంపెనీ ఇయ్యది. అంబాసిడర్‌ను చూసి ఎవరో పెట్టిన్రు."

"అంబాసిడర్‌కు ముంగటికి నాలుగు గేర్లు సార్. దీనికి మూడే. జర వేసి చూసిన్రా, ఊకెనే ఊపిన్రా?"

క్లచ్ పెడల్ మీది రబ్బరు చూపించాడు. అది లారీ టైరు ముక్క, నిజమే, పాతది అరిగిపోతే మా ఆయన కోసి బిగించాడు. రబ్బరు ఇక్కడిది కాబట్టి పెడలూ ఇక్కడిదే, పెడల్ ఇక్కడిది కాబట్టి గేరూ ఇక్కడిదేనట. చెప్పు కొత్తదైతే కాలు కూడా కొత్తదనే రకం.

ఆ తర్వాత ఆయన తన పెద్ద సాక్ష్యం తీశాడు. ఈ బండ్లకు డ్రైవర్ తలుపు అంచున ఒక రేకు ఉంటుందట. ఏ ఇంజను, ఏ గేరు అని కంపెనీ దానిమీద అంకెలు కొడుతుందట. ఇక్కడ ఆ రేకు లేదు, దొంగపని చేసినవాళ్ళే పీకేసి ఉంటారు అన్నాడు.

తలుపు అంచు అనగానే నాకు దసరా బొట్టు గుర్తొచ్చింది. దసరా వచ్చిందంటే అందరూ బండికి ముందు బొట్టు పెడతారు. నేను తలుపు అంచుకు కూడా పెట్టేదాన్ని. మనిషి ఎక్కి దిగే చోటు, అది బండికి గడప అని నా లెక్క. ఏటేటా పసుపు రాసి, కుంకుమ పెట్టాను. పాతది గీకలేదు, దానిమీదే రాశాను. నేను గొడవ చేస్తానని మా ఆయన బండంతా కడిగి ఆ ఒక్కచోటు వదిలేసేవాడు. దుమ్మూ గ్రీజూ కలిసి అది ఇటుకలా గట్టిపడింది. ఈ ఘనుడు దాన్ని చూసి తుప్పు మీద మెత్తిన లప్పం అనుకున్నాడు. వేలితో తట్టి చూస్తే ఆయన సొమ్మేం పోయేది?

కిరోసిన్, గుడ్డ తెచ్చుకుని కూర్చున్నాను. నిజం చెప్తాను, అప్పుడు నాకూ అనుమానం వచ్చింది. నా దగ్గర ఉన్నది పోయిన మనిషి మాట ఒక్కటే. ఆ డాక్టరే ఏదో అబద్ధం చెప్పి ఉంటే? రేకు ఇంకోటి చెబితే? అప్పుడా కాగితం మీద నేను సంతకం పెట్టాల్సిందే, అందులో రాసింది నిజమని జనం చెప్పుకోవాల్సిందే. అయినా రుద్దాను. ఎర్రనీళ్ళు కారి చీర కుచ్చిళ్ళు తడిశాయి. మొదట ఒక రివెట్టు తేలింది, తర్వాత రేకు.

పెద్దమనిషి మోకాలి మీద కూర్చున్నాడు. తెల్ల ప్యాంటుకు షెడ్డు మట్టి అంటిన సంగతి కూడా చూసుకోలేదు. ఫోనులో ఫొటో తీసి ఎవరికో పంపాడు. ఆయన వేలు పెట్టిన చివరి గడిలో ఒకటి అంకె ఉంది. అది నాకూ చదవడం వచ్చు.

"ఒకటి అంటే ఏంది సార్?"

ఫోను మోగింది. అవతలి మనిషి చెప్పింది విని, గొంతు తగ్గించి, మూడు గేర్ల హ్యాండ్ గేరు అన్నాడు.

"పెట్టింది ఎవలు?"

"కంపెనీనే అమ్మా."

"జర గట్టిగ చెప్పున్రి. మా మరిదికి ఇనవడలె."

చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, గేరు కర్రను నిమరడం మొదలుపెట్టాడు. ఇలాంటి జోడీ ఎక్కడా దొరకదట, క్లబ్బులో అందరూ కుళ్ళుకుంటారట. పావుగంట కిందట దొంగసరుకు, ఇప్పుడు ముద్దుబిడ్డ. బండి మారలేదు, గేరు మారలేదు. ఇంత తొందరగా మారే గేరు ఆయన నాలుకకే ఉంది.

కలిపిన ముక్క కొట్టేసి కాగితం నా ముందు పెట్టాడు. కొట్టేస్తే చాలదన్నాను. ఏముండెనో అని రేపు ఎవరైనా వెలుతురుకు పట్టి చదువుతారు. దాని పక్కనే తెలుగులో రాయమన్నాను, నేను చదివేలా. గేరు కంపెనీదే, ఈ మెకానిక్ మార్చలేదు అని రాశాడు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను. ముందు ఆయన్ను సంతకం పెట్టమన్నాను, పెట్టాడు.

తర్వాత పెన్ను నేను తీసుకున్నాను. నా పేరు రాయడానికి నాకు చాలాసేపు పడుతుంది. ఆయన వాచీ చూసుకుంటున్నాడు. నేను ఇంకా నెమ్మదిగా రాశాను.