నీళ్ల బీబీ సగం కథ

జర దగ్గరికి జరుగుండ్రి. చెప్పులు ఆడనే ఇడిసి చాప మీద కాళ్లు ముడుసుకొని కూసోండ్రి. నా గొంతు పెద్దగ లేదు గని యాది మాత్రం పక్కా.

మాది చెన్నూరు. రంజాన్ నెల ఆఖరుకొచ్చిందంటే మా ఇంట్ల సేమ్యాలు చేస్తం. మంచం పట్టెకు మిషను బిగిస్తం. అది ఊగకుండ బరువుకు నేను మంచం మీద కూసుంట. కొడుకు పిడి తిప్పుతడు. మనుమరాలు కిందికి దిగే పోగులు అందుకొని దండెం మీద ఆరేస్తది. నాదొక కట్టుబాటు: పిడి తిరిగినంత సేపే కథ.

ఒక యేడు ఈ తండ్రీబిడ్డలకు మాటల్లేవు. పండుగ ఎల్లినంక పిల్ల కానిస్టేబుల్ నౌకరి పరుగు పరీక్షకు కరీంనగర్ పోవాలె. వాళ్ల నాయిన వద్దంటడు.

"ఆడపిల్ల లాఠి పట్టుకొని రోడ్డు మీద నిలబడుతదా? నర్సు పని నేర్సుకో, నలుగురికి సేవ జేస్తవ్."

పిల్ల అలిగి పోగులన్నీ వంకరటింకర ఆరేస్తుంది.

"అమ్మీ, ఆ నీళ్ల బీబీ కథ చెప్పు. దీని చెవుల గూడ పడాలె" అన్నడు కొడుకు.

నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు గా కథల నీళ్ల ముచ్చట దాక ఇని గుర్రు పెట్టెటోడు. ఇప్పుడు చేతుల పిడి ఉన్నది, ఎట్ల పంటడు?

మొదలువెట్టిన. మదీనాల ఒక బీబీ. ఉహద్ కొండ కాడ లడాయి అంటే పెనిమిటితోటి, కొడుకులతోటి తనూ పోయింది. తోలుతిత్తి భుజానేసుకొని దెబ్బలు తాకినోళ్లకు నీళ్లు తాపింది.

"ఇన్నవా? నీళ్లు తాపింది" అన్నడు బిడ్డతోటి.

"నువ్వు పిడి తిప్పు" అన్న.

కొండ మీద కావలున్న విలుకాండ్లు గెలిచినమనుకొని కిందికి ఉరికిండ్రు. దుష్మన్లు ఎనుక నుంచి వచ్చి పడ్డరు. మందంత చెదిరింది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గర కొందరే మిగిలిండ్రు. గప్పుడు గా బీబీ తిత్తి పడేసి కత్తి అందుకున్నది.

పిడి ఆగింది. "కత్తా?"

"పిడి ఆగింది, కథ ఆగింది."

గిరగిర తిప్పిండు. "చెప్పు అమ్మీ!"

బీబీ తన కొడుక్కు దెబ్బ తాకితే కట్టు కట్టి, లేసి కొట్లాడమన్నది. తన భుజం మీద లోతు గాయమైనా జాగ ఇడువలే. ఎటు చూసినా తనను కాపాడనీకి ఆమెనే అడ్డం నిలబడ్డదని ప్రవక్త చెప్పిండ్రట.

మావోడు తనే లడాయిల ఉన్నట్టు తిప్పుతుండు. పోగులు తెగి తెగి పడుతుంటే పిల్ల మొత్తుకున్నది, "అబ్బా, మెల్లగ!"

"ఈ కత్తి ముచ్చట నువ్వెప్పుడు కలిపినవ్?" అన్నడు చెమట తుడుసుకుంట. "చిన్నప్పుడు నేను ఇనలే."

"నీ గుర్రుల కత్తి చప్పుడు ఎట్ల ఇనవడతది బిడ్డా?"

మనుమరాలు పక్కున నవ్వింది. వాడు నవ్వలే.

"మరి ఆమె పెనిమిటి వద్దనలేదా?"

"ఏమంటడు? ఆయన గూడ గా లడాయిలనే ఉండె."

పిడి ఇడిసి చేతుల పిండి దులుపుకున్నడు. తర్వాత బిడ్డను అడిగిండు, "నీ బూట్లేవి? తే, చూస్త."

తెచ్చింది. అడుగులు అరిగిపోయినయి.

"గీటితోని ఎట్ల ఉరుకుతవ్? పండుగ బట్టలతోటి బూట్లు గూడ కొందాం."

పండుగ ఎల్లినంక కరీంనగర్ దాక తనే తోలుకపోయిండు. ఆ యేడు మా పండుగ పాయసం, షీర్ ఖుర్మాల సేమ్యాలన్నీ ముక్కలే. ఎందుకిట్లయినయని చుట్టాలడిగితే, "లడాయిల తెగినయి" అన్నడు.

ఇన్న మీ ఇల్లు సల్లగుండాలె. మీ పొయ్యి మీద పాలు పొంగాలె, మీ బిడ్డలు ఉరికిన తొవ్వల ముల్లు లేకుండ అల్లా కాపాడాలె. ఆమీన్.