పడక బండికి రెండో బ్యాటరీ

బ్యాటరీ అంటే బ్యాటరీయే కదా అనుకోవడం నా తెలివితక్కువతనం. పాత వ్యాను కొని, సీట్లు పీకించి, మంచమూ ఫ్యానూ పెట్టించి, అన్నిటినీ ఇంజను బ్యాటరీకే తగిలించాను. నంద్యాల నుంచి అహోబిలం చేరి, చిత్రాన్నం తిని, మధ్యాహ్నం నేనూ మా ఆవిడా నడుం వాల్చాం. తిన్నది అరగకముందే ఫ్యాను ఆగింది. వెనక్కి పోదామంటే బండీ కదల్లేదు.

ఆళ్లగడ్డ నుంచి మా బావమరిది జీపులో వచ్చి, తాడు కట్టి లాగాడు.

"ఏం బావా, బండిలో పండుకునేదానికి వచ్చినావా, బండినే పండబెట్టేదానికి వచ్చినావా?"

ఆ తర్వాత ఏ పెళ్లిలో కనబడినా, పప్పు వడ్డించేలోపు ఆ కథ ఎత్తుకునేవాడు. అంతకన్నా మా ఆవిడ మాట గట్టిగా తగిలింది. "ఇంగొక్కసారి ఫ్యాను ఆగిందంటే ఈ బండి అమ్మేయాల్సిందే, చెప్తాండా."

ఆ బండంటే నాకు ప్రాణం. నంద్యాలలో బ్యాటరీల అంగడికి పరుగెత్తాను. ఫ్యానుకు వేరుగా డీప్ సైకిల్ బ్యాటరీ కావాలన్నారు. నాకు తెలిసిన డీప్ సైకిల్ చిన్నప్పుడు కుందూ ఏటిలో పడిపోయిన నాదొక్కటే. ఇంజను బ్యాటరీ ఒక్క ఉదుటున బలమంతా చూపిస్తుందట. ఇది గంటల తరబడి నిదానంగా ఇస్తుందట. అందులోనూ రకాలు. ట్యూబులర్ పొడుగు, బరువు. డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి, చార్జింగులో గ్యాసు వదులుతుంది. కానీ ధర తక్కువ, మొరటు వాడకానికి ఓర్చుకుంటుంది. సీల్డ్ రకాలైన జెల్, ఏజీఎంలకు నీళ్లక్కర్లేదు, గతుకుల్లో ఒలకవు. జెల్ నెమ్మదిగా చార్జవుతుంది, ఏజీఎం త్వరగా. రెండింటికీ తగిన చార్జరు ఉండి తీరాలి, వేడి పడదు.

మొరటు వాడకంలో నాకు అనుభవం ఉంది కాబట్టి ట్యూబులరే కొన్నాను. మంచం కింద పెడితే, దాని పొడుగుకు మంచం ఎత్తు పెంచాల్సి వచ్చింది. ఇప్పుడు స్టూలెక్కి పడుకుంటున్నాను. గ్యాసు బయటికి పోవడానికి పెట్టెకు గొట్టం పెట్టించాను. నీళ్లు పోసే పని, నామీద నమ్మకం లేక, మా ఆవిడ తీసుకుంది.

ఈలోగా బావమరిదీ ఒక వ్యాను తయారుచేయించి, ఏజీఎం పెట్టించాడు.

"బావా, బ్యాటరీకి ముక్కు గూడా పెట్టినావే! మాది చూడు, నీళ్లడగదు, నిమ్మళంగా ఉంటాది."

"మంచిదేనప్పా. దానికి తగిన చార్జరు కొన్నావా?"

"ఇంట్లో పాత ఇన్వర్టరుది ఉందిలే. చార్జరంటే చార్జరే గదా!"

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించి, వద్దని గట్టిగానే చెప్పాను. వినలేదు.

మొన్న ఎండాకాలం రెండు బండ్లలో అహోబిలం వెళ్లాం. మధ్యాహ్నానికే అతని ఫ్యాను ఆగిపోయింది. పాత చార్జరు మోతాదు మించి ఎక్కించి, బ్యాటరీని లోపలే ఎండగొట్టింది. నీళ్లు పోయనక్కర్లేదంటే, ఎండితే పోయడానికి వీలూ లేదని అర్థం. దిండు చంకన పెట్టుకుని మా బండి దగ్గరికొచ్చాడు. మా ఫ్యాను హాయిగా తిరుగుతోంది. తమ్ముడికి మా ఆవిడ చోటిచ్చింది. నేను స్టూలు వేశాను.

"ఆ తాడు కట్టి లాగిన కథ ఇంగోసారి చెప్పప్పా," అన్నాను.

మనిషికి ఉత్సాహం వచ్చింది. మంచమెక్కి, చేతులు తిప్పుతూ మొదలుపెట్టాడు. "మా బావ పండుకున్నాడు. ఫ్యాను ఆగిపాయె..."

నేను స్విచ్చి ఆపేశాను.

"ఏంది బావా?"

"కథలో ఆగింది గదప్పా. నువ్వింకా ఆళ్లగడ్డలోనే ఉండావు. బేగా జీపేసుకొని రా, ఫ్యానేస్తా."