చిన్నపుల్లయ్య చెంచా

చిన్నపుల్లయ్యకు ఉన్నది ఒకటే జబ్బు. కంటికి కనపడిన వస్తువునల్లా చెంచాతో కొట్టి, దాని గొంతు వినకపోతే ఆయనకు అన్నం సయించదు.

అందరూ చొక్కా జేబులో పెన్నో ఫోనో పెట్టుకుంటే ఆయన స్టీలు చెంచా పెట్టుకుంటాడు. ఈ అరబ్బు దేశంలో, మంగఫ్ అనే ఊళ్ళో, మేముండే బిల్డింగుకు ఆయన హారిస్. అంటే కాపలా కాసేదీ ఆయనే, మెట్లు ఊడ్చేదీ ఆయనే, నీళ్ళు వదిలేదీ ఆయనే, లిఫ్టు ఆగిపోతే తిట్లు తినేదీ ఆయనే. మాదీ ఆయనదీ రాయచోటి పక్కనే కాబట్టి నేను పుల్లన్నా అని పిలుస్తాను.

గ్యాసు బండ వచ్చిందంటే మా ఇంటికి చేరేలోపు కింద దానికి పరీక్ష జరగాల్సిందే. ఒకటి కొడతాడు, చెవి ఆనిస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు. "దీనికి జలుబు చేసినట్టుండాది. ఇంగొకటి తేపో" అని బండవాణ్ణి వెనక్కి తోలేస్తాడు. పుచ్చకాయల కాలంలో ఆయన సందు మలుపు తిరగ్గానే బకాలా కొట్టు సుభాన్ కాయలన్నీ గోనెపట్ట కింద దాచేస్తాడు. "కాయ కొంటావా, కచేరీ పెడతావా?" అని అడిగితే, "కచేరీ బాగుంటే కొంటా" అంటాడు మా పుల్లన్న. ఒకసారి బిల్డింగులో కొత్తగా దిగిన పెద్దమనిషి బట్టతల లిఫ్టులో చూసి ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయిందట. పక్కనే ఉన్న మా ఆయన ఆంజి గట్టిగా పట్టుకోబట్టి సరిపోయింది.

ఇక నీళ్ళ సంగతి. పొద్దున్నే మిద్దె మీది ట్యాంకు నుంచి నీళ్ళు వదిలి, కిందికి దిగి, పైపు మీద చెంచాతో టంగ్ టంగ్‌మని కొడతాడు. నీళ్ళు వచ్చినవాళ్ళు తమ వంటింట్లో పైపు మీద తిరిగి కొట్టాలి. మేము ఈ బిల్డింగులో దిగిన నాటి నుంచీ ఇదే పద్ధతి. నేను గంటె తీసుకుని టంగ్‌మనిపిస్తాను. అంతటితో వదిలేస్తే ఆయన చిన్నపుల్లయ్య ఎందుకవుతాడు?

"వెంకటేశ్వరీ! సన్నంగా వచ్చిందిమ్మే! మళ్ళా కొట్టు!" అని కింద నుంచి కేక.

"నీళ్ళొచ్చినాయ్ పుల్లన్నా!"

"నువ్వు చెప్తే చాలదు, పైపు చెప్పల్ల. మీ లైన్లో గాలి ఉండాది. కొట్టు!"

మళ్ళీ కొడతాను.

"మూడో అంతస్తోళ్ళు చూడు ఎట్ల కొడతాండారో! నువ్వేం, రాత్రి అన్నం తిన్లా?"

నాకు ఒళ్ళు మండి గంటె వంగిపోయేటట్టు కొడితే అప్పటికి శాంతిస్తాడు. "ఆ, ఇప్పుడొచ్చింది ప్రాణం!"

పోయిన ఎండాకాలం మా చెల్లెలు సుధారాణి పోయింది. సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పని చేసేది. శుక్రవారం వస్తే మా ఇంటికే. సెలవు మీద ఊరికి పోయి, జ్వరం తగిలి, మరి తిరిగి రాలేదు. ఆ తర్వాత నాకు తలుపు తీయబుద్ధి కాలేదు. నేను ముందే మాట్లాడేది తక్కువ, అది కూడా పోయింది. మా ఆయన కంపెనీ బస్సు డ్రైవరు, తెల్లవారకముందే వెళ్ళిపోతాడు. ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చేసే చప్పుడూ. కానీ పుల్లన్నకు ఇవన్నీ పడతాయా? ఏడుస్తూ కూర్చున్నా సరే, గంటె పట్టుకుని లేవాల్సిందే. పైగా సరిగ్గా ఆ రోజుల్లోనే మా లైన్లో గాలి ఎక్కువైపోయింది. పొద్దునే కాదు, మధ్యాహ్నం కూడా టంగ్ టంగ్. సాయంత్రం కూడా టంగ్ టంగ్. మనిషికి గుండె అనేది ఉందా అనుకునేదాన్ని.

ఇట్లా ఉండగా లిఫ్టు పక్కన ఒక రంగుల కాగితం అతికించారు. బిల్డింగు రెండో అంతస్తులో మెయ్ లిన్ అని చైనా అమ్మాయి ఉంటుంది, రోడ్లు వేసే చైనా కంపెనీలో లెక్కలు రాస్తుంది. ఆ కంపెనీవాళ్ళు సిటీలో హాలు తీసుకుని పోటీ పెడుతున్నారు. కొత్త బాణీ కట్టాలి. అందులో చైనా వాయిద్యమూ ఉండాలి, పాశ్చాత్య వాయిద్యమూ ఉండాలి, రెండూ కలిసి మోగాలి. ఎవరైనా రావచ్చు.

ఆ కాగితం ముందు పుల్లన్న నిలబడి ఉండగానే మా బిల్డింగు ఓనరు అబూ ఫహద్ కొత్త కారులో వచ్చి దిగాడు. కొత్త కారు! పుల్లన్న నిగ్రహించుకోవాలని చూశాడు పాపం. ఆయన దిగి తలుపు వేశాడో లేదో, చెంచా బయటికొచ్చింది. టంగ్.

"గొంతు బాగుండాది బాబా" అన్నాడు పుల్లన్న తనకొచ్చిన అరబ్బీలో. "వెనక తలుపే కొంచెం మూలుగుతాంది."

అబూ ఫహద్ ముఖం పొయ్యి మీద పెనం అయింది. "మజ్నూన్! నీకు పిచ్చి! ఇంత సంగీతం తెలిసినవాడివి, అదిగో, అందులో గెలువు. గెలిస్తే చెంచా నీది. గెలవలేదా, ఖలాస్, చెంచా నాకిచ్చెయ్. ఆ తర్వాత ఈ బిల్డింగులో ఒక్క దెబ్బ వినపడినా ఇక్కడ ఉండే నీ ఇఖామా కాగితం రెన్యూ చేయను. ఊరికి పో!"

ఆ సాయంత్రం మా ఆయన నచ్చజెప్పాడు. "ఇచ్చేయ్ పుల్లన్నా. చెంచా కోసం కొలువు పోగొట్టుకుంటారా ఎవురన్నా? కావాలంటే నేను డజను కొనిస్తా."

"చెంచా కాదు లేరా ఆంజీ. కొట్టేది పోతాది."

"పోతే పోనీ!"

"అట్లెట్ల పోనిస్తా?" అన్నాడు పుల్లన్న, మా తలుపు గొళ్ళాన్ని టింగుమనిపిస్తూ.

రెండో అంతస్తులోనే గోవా ఆయన ఫెర్నాండెస్ ఉంటాడు. హోటల్లో ట్రంపెట్ ఊదుతాడు. మెయ్ లిన్ ఎర్హూ వాయిస్తుంది, అది రెండు తీగల చైనా ఫిడేలు. ఇద్దరికీ ఒకటే గోడ. ఇద్దరూ ఒకే వేళకు సాధన. ఈమె తీగ సాగదీస్తే ఆయన గట్టిగా ఊదుతాడు, ఆయన ఊదితే ఈమె తీగ తెగేదాకా లాగుతుంది, ఆపైన ఇద్దరూ వచ్చి పుల్లన్న దగ్గర పంచాయితీ. ఈసారి పుల్లన్నే వాళ్ళ దగ్గరికి పోయాడు.

"ఎట్లాగూ ఇద్దరూ ఒకేసారి వాయిస్తాండారు గదా, ఆ వాయించేదేదో ఒకటే పాట వాయించండి. నాకు గొడవన్నా తగ్గుతాది."

మిద్దె మీద ట్యాంకుల పక్కన సాధన మొదలైంది. బట్టలు ఆరేసే నెపంతో నేనూ పోయేదాన్ని. చెల్లెలు పోయాక నేను మిద్దె ఎక్కడం అదే మొదలు. పుల్లన్నకు స్వరాలు రావు, రాయడం రాదు. నోటితోనే అంతా.

"మెయ్ లిన్, నువ్వు కొళాయి. ఇంకా నీళ్ళు రాలా. సన్నంగా ఏడువు. ఫెర్నాండెస్, నువ్వు మోటారు. పాత మోటారు. దగ్గు."

"పుల్లయ్యా, నేను చర్చిలో వాయించినవాణ్ణి! నన్ను దగ్గమంటావా?"

"చర్చిలో ఎవురూ దగ్గరా ఏంది? దగ్గు!"

దగ్గాడు. ఆమె ఏడ్చింది. నవ్వొస్తుందేమోనని నేను దుప్పటి వెనక్కి తప్పుకున్నాను. కానీ పోనుపోనూ అది నిజంగానే ఒక పాటలా తయారైంది. మోటారు తిరగడం, పైపులో గరగర, కొళాయి తుమ్మడం, చివరికి నీళ్ళు జలజలా దూకడం. పేరు కూడా ఆయనే పెట్టాడు, 'నీళ్ళొచ్చినాయ్' అని. అంతా బాగానే ఉంది గానీ, నీళ్ళు దూకేముందు ఒకచోట పుల్లన్న ట్యాంకు మీద చెంచాతో రెండు దెబ్బలు కొట్టి, చెయ్యెత్తి అందరినీ ఆపేసేవాడు.

"ఇప్పుడేమిటి?" అనేవాడు ఫెర్నాండెస్.

"జవాబు రావల్ల."

"ఎక్కడి నుంచి?"

"వచ్చేకాడి నుంచి వస్తాది. నువ్వు గమ్మునుండు."

పోటీ రోజు మా ఆయన బస్సు అడిగి తెచ్చి అందరినీ సిటీకి తీసుకుపోయాడు. అయ్యాక అందరం కలిసి తినడానికి నేను పెద్ద స్టీలు డబ్బాలో చిత్రాన్నం పెట్టుకున్నాను, వడ్డించడానికి మా ఇంటి గంటె. హాలు చల్లగా, నిండుగా ఉంది. కంపెనీవాళ్ళకు ఇళ్ళు అద్దెకిచ్చినవాడు కాబట్టి అబూ ఫహద్‌కు ముందు వరసలో కుర్చీ. మేము ఆయన వెనకాలే.

మా వాళ్ళ వంతు వచ్చింది. పుల్లన్న ఇస్త్రీ చొక్కా, జేబులో చెంచా. మోటారు దగ్గింది, కొళాయి ఏడ్చింది, జనం నవ్వారు, తర్వాత నవ్వడం మాని విన్నారు. ఆ చోటు వచ్చింది. పుల్లన్న, వాయించేవాళ్ళు స్వరాల కాగితాలు పెట్టుకునే ఇనుప స్టాండు మీద టంగ్ టంగ్ కొట్టి చెయ్యెత్తాడు.

ట్రంపెట్టు ఆగింది, ఎర్హూ ఆగింది.

ఫెర్నాండెస్ చెమట తుడుచుకున్నాడు. జడ్జీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అబూ ఫహద్ చెంచా కోసం అప్పుడే చెయ్యి చాచడానికి తయారుగా ఉన్నట్టు కనిపించాడు. పుల్లన్న మాత్రం చెయ్యెత్తుకుని నా వైపే చూస్తున్నాడు. నేను పక్కకు చూశాను, వెనక్కి చూశాను. ఇంకెవరూ లేరు. అంత జనంలో కొట్టాలంటే చెయ్యి రాలేదు. కానీ ఆయన దించేటట్టు లేడు.

గంటె తీసి డబ్బా మీద టంగ్‌మని కొట్టాను.

"సన్నంగా వచ్చిందిమ్మే!" స్టేజీ మీద నుంచే కేక. "మళ్ళా కొట్టు!"

హాలంతా గొల్లున నవ్వింది. నాకు రోజూ వచ్చే కోపమే వచ్చింది. ఎగిరి కొట్టాను. మూత ఊడి అబూ ఫహద్ ఒళ్ళో పడింది. అప్పుడు దూకాయి నీళ్ళు! ట్రంపెట్టూ ఎర్హూ రెండూ కలిసి, ఏది ఏదో తెలియకుండా. జనం లేచి చప్పట్లు కొట్టారు.

జడ్జీల్లో ఒకాయన లేచి ఏదో అన్నాడు. మెయ్ లిన్ తనకొచ్చిన హిందీలో చెప్పింది: డబ్బా చైనా వాయిద్యమూ కాదు, పాశ్చాత్య వాయిద్యమూ కాదు, నియమాలు ఒప్పుకోవట. పుల్లన్న పరుగున దిగొచ్చి, నా చేతిలో డబ్బాకు మూత పెట్టి పైకెత్తి, అడుగున అచ్చు గుద్దిన అక్షరాలు చూపించాడు. మేడ్ ఇన్ చైనా. జడ్జీలు కుర్చీల్లో విరగబడి నవ్వారు, తప్పు పట్టలేదు. బహుమతి మాత్రం ఎడారి వాన మీద బాణీ కట్టినవాళ్ళకిచ్చారు. వాళ్ళది నిజంగానే బాగుంది, చెప్పాలి కదా.

బయట వరండాలో అబూ ఫహద్ చెయ్యి చాచాడు. పుల్లన్న మాటంటే మాట, చెంచా తీసి ఇచ్చేశాడు. జేబు తడుముకుంటూ నిలబడ్డాడు, పన్ను ఊడిన పిల్లాడిలాగా.

"అసలు నువ్వు పైపు ఎందుకు కొడతావో చెప్పు" అన్నాడు అబూ ఫహద్. "ఆటోమేటిక్ మోటారు పెట్టించి ఏళ్ళయింది. నీళ్ళు వాటంతటవే వస్తాయి. ఎవరడిగారు నిన్ను కొట్టమని?"

నాకు అర్థం కాలేదు. మెయ్ లిన్‌ను అడిగాను, మీ ఇంట్లో పొద్దున మీరు కొట్టరా అని. ఆ అమ్మాయి నా వైపు వింతగా చూసింది. వాళ్ళ ఇంట్లో ఎప్పుడూ కొట్టలేదట. ఫెర్నాండెస్ కూడా లేదన్నాడు. "మూడో అంతస్తు ఏడాదిగా ఖాళీ కదా!" అన్నాడు.

పుల్లన్న వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు.

"ఆటోమేటిక్‌ను నమ్మగూడదుమ్మే" అని గొణిగాడు. "నువ్వు మొదట్నుంచీ పలికేది తక్కువ, ఇప్పుడు తలుపూ తీయవు. లోపల... లోపల గాలి చేరుకుంటాది. పైపులో. నేను పైపు సంగతే చెప్తాండా."

నేను ఓనరుతో ఎన్నడూ మాట్లాడిన దాన్ని కాదు. ఆ రోజు ముందుకు పోయి, వచ్చిన ముక్కల్లో చెప్పాను.

"బాబా, కొట్టనీ. మా లైన్లో హవా ఉంది."

"గాలా? ఆటోమేటిక్ లైన్లోనా?"

"ఉంది బాబా. వాజిద్ హవా. చాలా గాలి."

అబూ ఫహద్ నన్ను చూశాడు, పుల్లన్నను చూశాడు, డబ్బాను చూశాడు. తర్వాత డబ్బా మూత తీసి, చేతిలో ఉన్న ఆ చెంచాతోనే చిత్రాన్నం రెండు ముద్దలు తిన్నాడు. మిరపకాయ తగిలినట్టుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెంచా తుడిచి, డబ్బా మీద టింగుమని ఒకటి కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"గొంతు బాగుంది" అని చెంచా పుల్లన్న జేబులో పెట్టాడు. "నా కారు జోలికి మాత్రం రాకు. యల్లా, పదండి!"

మర్నాడు పొద్దున నేను ముందే లేచి, వంటింటి కిటికీ తెరిచి, గంటె పట్టుకుని కాచుకున్నాను. కింద పుల్లన్న వచ్చిన అలికిడి అయింది. టంగ్ టంగ్.

నేను కొట్టలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి గొంతెత్తి అరిచాను:

"సన్నంగా వచ్చింది పుల్లన్నా! మళ్ళా కొట్టు!"